బావి తాబేలుకు ఎండ చూపిన పెద్దత్త

మా పెద్దత్త పోయింది. పోయిన గురువారం పగలు పదకొండున్నరకు, గోరిమేడు ఆసుపత్రిలో, కిటికీ పక్క మంచం మీద. ఆ సమయానికి నేను కింద క్యాంటీన్‌లో నిలబడి, వడ మీద ఇంకో గరిటె సాంబారు వేయమని వడ్డించే పెద్దాయనతో వాదిస్తున్నాను. వాదనలో నేనే గెలిచాను. గరిటె పడింది, ఫోను మోగింది. "పైకి రారా" అంది అమ్మ, అంతే. దొన్నెలో వడతో మూడంతస్తులు ఎక్కాను. వార్డు తలుపు దగ్గర ఒక నర్సమ్మ ఆ దొన్నెను నా చేతిలోంచి మెల్లగా తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. ఇంతకంటే గంభీరంగా ఈ స్మృతిని ఎత్తుకోవాలని నాకూ ఉంది. కాని జరిగింది ఇది. జరిగినదాన్ని మార్చి చెప్తే ఆమె ఎంత సులువుగా పట్టేస్తుందో నాకు ఈమధ్యే తెలిసింది.

పాఠకులకు ముందుగా ఒక మనవి. ఈ మాటలు మా వాళ్ళెవరూ చదవరు. చదవలేరు. చుట్టూ తమిళమే వినపడే ఈ ఊళ్ళో, నటేశన్ నగర్‌లో మా వీధిలో తెలుగిళ్ళు కొన్ని ఉన్నాయి. తరాలుగా ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, తిట్టుకోవడం కూడా తెలుగులోనే. కాని తెలుగు అక్షరం ఎదురైతే ఎవరో కొత్తవాళ్ళు వచ్చినట్టు పక్కకు తప్పుకుంటాం. చదవడం, రాయడం వచ్చినవాళ్ళం ఇద్దరమే, పెద్దత్త, ఆమె పట్టిన పట్టు వల్ల నేను. ఇప్పుడు ఒక్కణ్ణే. కాబట్టి ఇక్కడ ఏం రాసినా అడిగేవాళ్ళు లేరు. ఈ స్వేచ్ఛ ఇంత ఇరుకుగా ఉంటుందని నేను అనుకోలేదు.

ఆమె మా నాన్నకు అక్క. లాస్‌పేటలోని ఒక ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైంది. జీవులకూ వాటి చోటుకూ ఉన్న సంబంధం ఆమె పాఠం, ఆమె పిచ్చి కూడా అదే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు, జత లేకుండానే వంశం నిలబెట్టుకునే జీవుల పేర్లు వరుసగా చెప్పేది. మూడో పేరుకు అడిగినవాళ్ళు కాఫీ గ్లాసు కింద పెట్టి లేచేవాళ్ళు.

నాకు అక్షరాలు నేర్పింది పెరట్లో. మునగచెట్టుకు "మునగ" అని అట్టముక్క కట్టింది. దాని పక్కన "గొంగళిపురుగు". దాని పైకొమ్మకు "జెముడుకాకి". నేను వర్ణమాల నేర్చుకున్నది ఎవరు ఎవరిని తింటారో ఆ వరుసలో. ఏడేళ్ళప్పుడు ఒక గొంగళి ఒంటికి రాసుకుని దద్దుర్లతో ఏడుస్తుంటే, మందు పూస్తూ అంది: "పేరు తెలిస్తే పరిచయం రా. అది ఏం తింటుందో తెలిస్తే చుట్టరికం. దానికి నువ్వంటే ఎందుకు భయమో తెలిసిందనుకో, అప్పుడు నువ్వు కొంచెం మనిషివైనట్టు." నాకు అప్పటికి మందు చాలనిపించింది.

ఇంతకూ తాబేలు.

మా పెరట్లో ఒక బావి ఉంది. సిమెంటు వరలు దించిన సన్నటి బావి. అది తవ్వించినప్పుడు మా తాత, అంటే పెద్దత్త తండ్రి, పొలం కాలువలోంచి అరచేతిలో ఇమిడేంత నల్ల తాబేలును తువ్వాల్లో చుట్టి తెచ్చి అందులో వేశాడు. మా వైపు సేద్యగాళ్ళు కొత్త బావికి తాబేలును వేయడం కొత్త గడపకు పసుపు రాయడం లాంటిదే. అది పురుగూ పుట్రా, కుళ్ళిన ఆకూ తిని నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని నమ్మకం. నమ్మకం తప్పేం కాదు, నిజంగానే తిన్నది. తాత పోయాడు, పొలం పోయింది, ఇంటికి కుళాయి వచ్చింది. తాబేలు మాత్రం ఉద్యోగంలోనే ఉండిపోయింది. అది బావిలోకి వచ్చినప్పుడు పెద్దత్త కాలేజీలో చదువుకుంటోంది. తర్వాత ఆమె అదే ఊళ్ళో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, ముగించి, జుట్టు పూర్తిగా తెల్లబడేదాకా అది ఆ వలయంలోనే తిరిగింది.

ఏటా ఆమె తన విద్యార్థినులను ఇంటికి తీసుకొచ్చి బావిలోకి చూపించేది. "చూడండి, ఇది దీని ఆవాసం. తిండి ఉంది, నీడ ఉంది, శత్రువు లేడు." పిల్లలు నోట్సు రాసుకునేవాళ్ళు, అమ్మ చేసిన సుండలు, అంటే తాలింపు వేసిన శనగ గుగ్గిళ్ళు, తినేవాళ్ళు, పోయేవాళ్ళు. ఒక ఏడు ఒక పిల్ల రాసుకోలేదు. బావి గట్టు మీద మోచేతులు ఆనించి అడిగిందట: "మేడమ్, ఒకటే ఉంటే దాన్ని ఆవాసమంటారా?"

పెద్దత్త అప్పుడేం చేసిందో నాకు ఆమే చెప్పింది, చాలా ఏళ్ళ తర్వాత. "రొంబ మంచి ప్రశ్న అని చెప్పి, సుండలు తినమన్నా రా. అదే నేను చేసింది. ప్రశ్నకి సుండలు పెట్టినా." తర్వాతి ఏటి నుంచి పిల్లలను తీసుకురావడం మానేసింది. తాబేలును మాత్రం తీయలేదు. తీస్తే బతకదేమోనని భయం. ఇన్నేళ్ళ చీకటికీ చల్లదనానికీ అలవాటు పడ్డ ప్రాణిని ఒక్కరోజులో ఎండలో పెడితే అది విడుదల కాదని, శిక్షేనని ఆమె వాదన. నిజమే. కాని ఆ నిజం పక్కన ఆమె పదిహేనేళ్ళు కూర్చుంది.

తర్వాత ఆమెను ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు పట్టుకుంది. పోయిన వేసవి నుంచి ఆక్సిజన్ మిషన్ లేకుండా గడవలేదు. మిషన్ హాల్లో ఉండేది. దాన్నుంచి ముక్కుకు పదిహేను మీటర్ల గొట్టం. మొదటి రోజే ఆమె గొట్టం లాక్కుంటూ ఇల్లంతా తిరిగి హద్దులు కనుక్కుంది. మంచం, వంటగది, స్నానాల గది, పెరట్లో బట్టలుతికే రాయి. రాయి దగ్గర గొట్టం బిగిసిపోయింది. అక్కడినుంచి బావి గట్టుకు ఇంకా ఒక బారెడు. "ప్రతి జంతువుకీ ఒక సంచార పరిధి ఉంటాది" అని నాకు ఉపన్యాసం ఇచ్చింది, రాయి మీద కూర్చుని, రొప్పుతూ. "పులికి కొండలు కొండలు కావాల. ఎలుకకి నాలుగు ఇండ్లు చాలు. నాది ఎలుక కంటే తక్కువైపోయిండాది."

నా పరిధి ఆమెకంటే పెద్దదేమీ కాదు. జంతుశాస్త్రంలో బి.ఎస్‌సి. పట్టా పుచ్చుకుని, పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నట్టు నటిస్తున్న కాలం. నాన్నకు కొట్టు, అమ్మకు స్కూలు. కరెంటు పోతే మిషన్ ఆగుతుంది, సిలిండర్‌కు మార్చడానికి ఒకడు ఇంట్లో ఉండి తీరాలి. ఆ ఒకడు నేను. చుట్టూ మూడు వైపులా ఇళ్ళు అంతస్తులు లేచిపోయి, మా పెరట్లోకి ఎండ పదకొండింటికి దిగి ఒంటిగంటకు ఎక్కిపోయేది. గోడల మధ్య నిలబడి తలెత్తితే పైన నలుపలకల ఆకాశం. పెద్దత్త ఒకరోజు అట్లా తలెత్తి చాలాసేపు చూసి, "డేయ్, ఇక్కడినుంచి చూస్తే దానికి ఎట్ల కనపడతాదో తెలిసింది" అంది. ఏ "దానికో" నేను అడగలేదు.

మర్నాడు కాఫీ తాగుతూ చెప్పింది. "దాన్ని పైకి తీయాల."

"ఏందత్తా ఉన్నట్టుండి?"

"ఉన్నట్టుండి యాడ? నలబై ఏండ్లయింది. తప్పు పాఠం చెప్పినా. పిల్లలందరినీ పిలిచి దిద్దలేను. దీన్నొకదాన్నైనా దాని జాతి ఉండే నీళ్ళకి పంపించాల. నేను పోకముందే."

"నువ్వెక్కడికి పోతావు? పదిహేను మీటర్లే కదా నీకు" అన్నాను. ఇట్లాంటి జోకులకు మా ఇంట్లో నాకు పేరుంది. ఆమె నవ్వింది, దగ్గింది, "ఆ గంప తీసుకురా పో" అంది.

గంపలో అరటిపండు పెట్టి తాడుతో బావిలోకి దించాను. తాబేలు వచ్చింది, తిన్నది, పోయింది. టమాటా పెట్టాను. అదే మర్యాద. బొప్పాయి, గుడ్డు, ఎండు చేప, అన్నీ అయ్యాయి. ఇట్లా మూడు వారాలు. నేను గంప లాగేలోపే అది కిందికి జారేది. అమ్మ బడికి పోతూ తలుపు దగ్గర ఆగి, "ఆ తాబేలుకి పెట్టే శ్రద్ధలో పావలా వంతు నీ పరీక్షకి పెట్టరా" అనేది. నేను పోటీ పరీక్షలో ఉన్నాననే అనుకునేవాణ్ణి, కాకపోతే పోటీ తాబేలుతో. గెలుస్తున్నది అది.

పెద్దత్త రాయి మీద కూర్చుని ఇదంతా చూసి చూసి, ఒకరోజు నెత్తి కొట్టుకుంది. "నేనొక పిచ్చిదాన్ని! దానికి తిండికేం తక్కువ? ఇన్నేండ్లు తినే కద బతికింది? లేనిదేందో అది పెట్టాల." అని నా గదిలో బీరువా తలుపుకు ఉన్న నిలువుటద్దం ఊడదీయించింది.

పదకొండింటికి ఎండ దిగగానే ఆమె అద్దాన్ని ఒళ్ళో నిలబెట్టుకుని వెలుగును బావిలోకి తిప్పింది. నేను గంప తీసేసి దాని బదులు ఒక చెక్కపలకను నాలుగు తాళ్ళతో నీటి మట్టానికి దించాను. చెక్క మీద ఎండ బిళ్ళ పడింది. ఆమె దగ్గినప్పుడల్లా అదీ ఎగిరేది. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు తల ఒకటి పైకొచ్చి ఆ వెలుగు వైపు చూసి మునిగింది. నాలుగో రోజు అది చెక్క అంచుకు గోళ్ళు తగిలించి, రెండుసార్లు జారి, మూడోసారి ఎక్కింది. ఎండ బిళ్ళలో నడిమధ్య కూర్చుని మెడ బారుగా చాపింది. కళ్ళు మూసుకుంది.

"లాగొద్దు" అంది పెద్దత్త గుసగుసగా. "కాసేపు ఉండనీ."

"మళ్ళీ జారిపోతుందత్తా!"

"సుమ్మా ఉండు రా. ఎన్నేండ్లకి వచ్చిందో ఎండ."

ఇళ్ళ కప్పుల మీదికి ఎండ పాకేదాకా ఆగి, అప్పుడు లాగాను. జారలేదు. నిద్రపోయినట్టుంది. పైకి వచ్చాక చూస్తే అన్నం పళ్ళెమంత ఉంది. వీపు మీద నాచు, నాచు కింద మూడు నిలువు గట్లు. నేల తగలక అరగని గోళ్ళు కొక్కేల్లా వంకర తిరిగిపోయి ఉన్నాయి. పెద్దత్త వాటిని చూసి తన చేతులు చీర కొంగులో దాచుకుంది.

దాన్ని వెంటనే వదల్లేదు. అప్పట్లో బావి గట్టు మీద ఆ ప్రశ్న అడిగిన పాత విద్యార్థినికి పెద్దత్త ఫోన్ చేసింది. ఆ అక్క ఇప్పుడు అటవీశాఖలో పనిచేస్తోంది. ఇది చట్టం కాపాడే జీవి అని, ఇంట్లో ఉంచుకోకూడదని పెద్దత్తకు తెలుసు, ఆ మాట తనే ముందు చెప్పి, తప్పు ఒప్పుకుంది. ఆ అక్క వచ్చింది. తాబేలును అటూ ఇటూ తిప్పి చూసింది. "మేడమ్, ఇప్పుడే వదిలితే తట్టుకోదు. ఎండకీ మట్టికీ అలవాటు కావాల. వానలు తగ్గినాక నేనే ఊసుడు చెరువుకి తీసుకపోతా. కాగితాల పని నేను చూసుకుంటా" అంది. వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఆ పొద్దు సుండలు బాగుండినాయి మేడమ్." ఇద్దరూ నవ్వారు. నేను ఆ నవ్వు ఎవరివైపునుంచి మొదలైందో కనిపెట్టలేకపోయాను.

అట్లా పెరట్లో పాత సిమెంటు తొట్టి ఒకటి తాబేలు బడిగా మారింది. స్కూటర్ మీద రెండు బకెట్ల చెరువు మట్టి తెచ్చాను. నాలుగు వేళ్ళ నీళ్ళు, నత్తలు, తూటికాడ. రోజూ దాని పనులు నోటుబుక్కులో రాయడం నా వంతు, ఆమె చెప్తుంది, నేను రాస్తాను. "పది గంటల పది నిమిషాలు: తల బయటపెట్టింది. పది ఇరవై: లోపల పెట్టింది." నాకంటే చురుకైన దినచర్య. ఇంకోపక్క, కాపలాదారు లేని బావిలో దోమపిల్లలు పుట్టుకొచ్చి అమ్మ గోల పెట్టింది. నేను రెండు చేపలు తెచ్చి వేస్తానన్నాను. "మళ్ళీ ఇంకొకరినా?" అని పెద్దత్త ఉరిమి చూసింది. బావికి దోమతెర కట్టి ఊరుకున్నాం.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం తాబేలు ముందుకాళ్ళతో మట్టిని తోడడం మొదలుపెట్టింది. అటు ఒకసారి, ఇటు ఒకసారి, తొందర లేకుండా. చూస్తూ ఉండగా వెనక్కి వెనక్కి జరిగి మట్టిలో దిగిపోయి, ముక్కు మాత్రం మిగిల్చింది. మా బావి అడుగున ఉన్నది కంకర. పుట్టి కొన్ని నెలలకే దాన్ని తెచ్చేశారు. ఇదెవరు నేర్పారు?

పెద్దత్త రాయి మీంచి ముందుకు వంగి ఆ ముక్కునే చూసింది. ఇంట్లో మిషన్ ఒక్కటే గుర్రుమంటోంది. "రాసుకో" అంది చివరికి. "ఏం రాయాలత్తా?" "మర్చిపోలేదు అని రాయి."

తమిళుల ఐప్పసి నెల వచ్చింది, వానలు పట్టుకున్నాయి. తడిగాలికి ఆమెకు మిషన్ చాలక, గోరిమేడు ఆసుపత్రిలో చేర్చాం. పగలు నేను, సాయంత్రం నుంచి అమ్మ. రెండో రోజు కుండపోత. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తొట్టి నిండి పొర్లుతోంది, పెరట్లో మోకాలి కిందిదాకా నీళ్ళు, వెనక గేటు కింది సందులోంచి వీధిలోకి ప్రవాహం. తొట్టిలో చెయ్యిపెట్టి మట్టంతా దేవాను. నత్తలు దొరికాయి. గొడుగు పట్టుకుని వీధి చివరిదాకా వెదికాను. మా వీధి వాలు తూర్పుకు. తూర్పున పెద్ద కాలువ, కాలువ చివర సముద్రం. నల్ల తాబేలుకు ఉప్పునీళ్ళు పడవు. ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు, ఆమె వందసార్లు చెప్తే తెలిసింది.

మర్నాడు ఆమె మొదటి ప్రశ్న, మాస్కు పక్కకు జరిపి: "ఏం తినిందిరా?"

"మూడు నత్తలత్తా" అన్నాను.

ఆమె ముఖంలో వచ్చిన నిదానం చూశాక ఇక వెనక్కి తిరగడానికి దారి లేకపోయింది. నోటుబుక్కు తీసి ఆ రోజు పేజీ రాశాను. తర్వాతి రోజు పేజీ కూడా. నేను అబద్ధాలకు కొత్త కాదు, పరీక్షల ఫలితాల విషయంలో నాకు మంచి అనుభవమే ఉంది. కాని ఆ అబద్ధాలకు ఒకరోజు గడువు ఉండేది, తర్వాత దెబ్బలు పడి ఖాతా మూసేవాళ్ళం. ఇది రోజూ పెరిగేది. తాబేలుకు తిండి పెట్టాలి, స్నానం చేయించాలి, మట్టిలో పడుకోబెట్టాలి, అన్నీ కాగితం మీద. ఆ అక్క ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను. ఆసుపత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుని మర్నాటి మెనూ ఆలోచించేవాణ్ణి. అది బావిలోంచి బయటపడింది, దాని బదులు నేను దిగాను.

ఐదో రోజు చదువుతుండగా చెయ్యెత్తింది. "ఆగు. మళ్ళా చదువు."

"పొద్దున రెండు నత్తలు, ఒక బొప్పాయి ముక్క. మధ్యాహ్నం..."

"మూడు దినాలుగా ముసురు పట్టిండాది కద?"

"అవునత్తా."

"నీళ్ళు చల్లగా అయిపోయింటాయి."

"అయిపోయినాయి."

"చల్లటి నీళ్ళలో దానికి ఆకలి పుట్టదు రా. నువ్వేంది, దానికి దినమూ పెండ్లి భోజనం పెడతా ఉండావు?"

నేను ఏదో జోకు వేయాలి. ఇన్నేళ్ళలో నా నోరు ఎప్పుడూ మొరాయించలేదు. ఆ పూట నోటుబుక్కు మూసేశాను.

"ఎప్పుడు పోయింది?" అంది.

"నువ్వు వచ్చిన రెండో రోజు. తొట్టి పొర్లిపోయింది. నేను ఈడనే ఉంటి అత్తా. చూడలేదు."

"గేటు తెరిచి పెట్టినావా?"

"లేదు. కింద సందు ఉండాది కద."

కళ్ళు మూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. మాస్కులో ఆవిరి వచ్చిపోతూ ఉంది. "అయితే మనం వదల్లేదు" అంది కళ్ళు తెరవకుండానే. "అదే పోయింది." కాస్త ఆగి, "యా పక్కకి?" అంది.

"తెలీదత్తా. నీళ్ళు తూర్పుకే పోతా ఉండినాయి."

"నీళ్ళు పోయిన పక్కకి పోయేదానికి అదేమన్నా చెప్పా?" కోపంగా అంది. చెప్పంటే ఆమె ఉద్దేశం చెప్పుల జోడులో ఒకటి. ఆ వానలో మా వీధి మనుషుల చెప్పులన్నీ తూర్పుకే కొట్టుకుపోయాయి. "నీళ్ళు నిలిచిన చోటు వెదుక్కుంటాది. రేపు పొద్దున పోయి నాకు ఫోన్‌లో చూపించు. వీధంతా. నేను చెప్తా యాడ తిరగాలో." మళ్ళీ ఊపిరి తీసుకుని, "సముద్రానికి పోలేదని తెలిస్తే చాలు నాకు" అంది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. అమ్మ ఆసుపత్రిలో ఆమె ముందు ఫోను పట్టుకుంది. నేను వెనక గేటు దగ్గర వీడియో మొదలుపెట్టాను. తెర మూలన చిన్న గడిలో ఆమె ముఖం, ముఖమంతా మాస్కు. "కిందికి పట్టు. గోడ మొదలు చూపించు... ఆ కాలువ మీద బండలు ఉండాయా? ఉంటే లోపల పోదు, చీకటి దానికి చాలైపోయిండాది... ఎడమకి తిరుగు." ఎడమకు సందు ఎత్తుగా ఉంది. "ఎత్తు ఎక్కుతుందా అత్తా?" "ఆ గోళ్ళు ఎందుకు పెరిగినాయనుకున్నావు?" మూడు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. పక్కనుంచి అమ్మ "చాలు వదినా" అంటే వినడం లేదు. నేను మా ఊళ్ళో పుట్టి పెరిగాను, ఆ వెనక సందులో అంతవరకూ ఒక్కసారి కూడా నడవలేదు.

సందు దాటితే నాలుగు ఇళ్ళ మధ్య కట్టకుండా వదిలేసిన ఖాళీ స్థలం. పల్లంలో ఉండి వాననీళ్ళు నిలిచిపోయాయి. తుంగ మొలిచి ఉంది, తూటికాడ అల్లుకుని ఉంది, ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. గోడకు మేకులు కొట్టి తమిళంలో పెద్ద బోర్డు: ఈ స్థలం అమ్మబడును. వేసవికి ఇక్కడ మట్టి తోలతారు. నేను ఫోనును బోర్డు పడకుండా ఒక జానెడు కిందికి దించి పట్టుకున్నాను.

"ఆడ ఆపు" అంది పెద్దత్త. "ఆడనే. కదలొద్దు."

నేను నీళ్ళ అంచున బురదలో నిలబడ్డాను. ఆ అక్క తర్వాత రెండుసార్లు వచ్చి, వలతో ఆ నీళ్ళన్నీ గాలించింది. చేపపిల్లలూ కప్పలూ తప్ప ఏమీ దొరకలేదు. నల్ల తాబేలు నేల మీద నడవగలదు, చోటు నచ్చకపోతే ఇంకో నీళ్ళు చూసుకుంటుంది అంది. అది తర్వాతి సంగతి. ఆ పొద్దున ఇవేవీ మాకు తెలీదు.

"ఆడ!" అంది పెద్దత్త ఒక్కసారిగా. "తుంగ పక్కన! చూసినావా?"

నేను తలెత్తేసరికి తుంగ పక్కన నీళ్ళ మీద ఒక వలయం విచ్చుకుంటోంది. కప్ప కావచ్చు. చేప కావచ్చు.

"నువ్వు చూసినావా అత్తా? నిజంగా?"

"చూసినా రా. వీపు మీద మూడు గట్లు గూడా చూసినా."

నేను నిలబడ్డ చోటినుంచి ఆ తుంగ ముప్పై అడుగులైనా ఉంటుంది. నా ఫోన్ కెమెరా గురించి నాకు తెలుసు, అందులో కొంగకే కాళ్ళు కనిపించడం లేదు. మళ్ళా చెప్పు అని అడగవచ్చు. నీళ్ళు ఎంత మురికిగా ఉన్నాయి, గట్లు ఎట్లా కనపడ్డాయి అని ఒక్కో ప్రశ్నా వేయవచ్చు. ఆమె నన్ను అట్లాగే పట్టుకుంది.

"అవునత్తా" అన్నాను. "నేను గూడా చూసినా."

"ఇంకొంచెం సేపు పట్టుకో" అంది.

పట్టుకున్నాను. వలయం తుంగ మొదళ్ళను తాకి చెదిరిపోయింది. కొంగ లేచి పోయింది. నీళ్ళు పూర్తిగా నిలకడ అయ్యాయి, ఒక ఆకు కూడా కదలడం లేదు. తెర మూలన చిన్న గడిలో మాత్రం, మాస్కు పైన ఆమె కళ్ళు ఎడమ నుంచి కుడికి, చాలా మెల్లగా, దేన్నో వదలకుండా అనుసరిస్తూ కదులుతున్నాయి.